రోటర్‌డాము రేవులో పుట్టిన ప్రొపెల్లరు

సముద్రయానము చేయు నౌకకు ప్రొపెల్లరు విరిగినచో, దానికి సరిజోడైన మరియొకటి మూస కట్టి, పోత పోసి, చల్లార్చి, నునుపు చేసి రేవునకు చేర్చునంతవరకు ఆ నౌక పని మాని ఒడ్డున పడియుండవలసినదే. ఈ నిరీక్షణ వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు సాగును. ఏ నౌకకు ఏ భాగము ఎప్పుడు చెడునో యెరుగక, అన్నింటిని ముందే చేయించి ప్రతి రేవునందును గిడ్డంగులలో దాచుట యెవరి తరమును కాదు. ఐరోపా ఖండమున కెల్ల పెద్దదైన రోటర్‌డాము రేవున, ఒకప్పుడు ఓడలు కట్టిన పాత కర్మాగారపు ఆవరణలో, రామ్‌ల్యాబ్ అను ప్రయోగశాల వెలసినది ఈ చిక్కును విడదీయుటకే. డామెన్ నౌకానిర్మాతలు మొదలైనవారితో కూడి 2017లో అచట లోహమును పొరలుగా ముద్రించి రూపొందించిన ప్రొపెల్లరు కథ వినదగినది.

ఈ ముద్రణ మూలసూత్రము క్రొత్తది కాదు. అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థకు చెందిన రాల్ఫ్ బేకర్, విద్యుచ్చాపముతో లోహమును కరిగించి పొరలుగా పేర్చి అలంకార వస్తువులు చేయు పద్ధతికి 1920లోనే పేటెంటు కోరెను. 1925లో అది లభించెను. నాడు మనిషి చేయి పట్టిన పనిని రోటర్‌డామున రోబో హస్తము పూనినది. ఉప్పునీటి తినివేతకు అంత తేలికగా లొంగని, నికెలును అల్యూమినియమును చేరిన కంచు తీగ చుట్టనుండి సాగి వచ్చి, చాపపు వేడికి కొనయందు కరిగి, క్రింది పొరపై గట్టుగా గడ్డకట్టును. ఇట్లు 298 పొరలు పేరుకొనగా మూడు రెక్కల రూపము తేలెను. మట్టిగోడ పెట్టువాడు ఒక వరుస బిగిసిన పిమ్మట గాని పై వరుస ఎత్తనట్లే, ఇచటను క్రింది పొర వేడి కొంత తగ్గిన గాని పై పొర వేయరాదు. త్వరపడినచో లోహము జారి రూపము చెడును. చల్లారు ప్రతి పొరయు ముడుచుకొనుచు క్రిందిదానిని లాగుటచే, రెక్క గీసిన గీతనుండి ఇంచుక వంగుటయు సహజమే.

ఇట్లు పుట్టిన వస్తువును దగ్గరగా చూచినచో ఒడలంతయు గట్లు గట్లుగా గరుకై యుండును. అట్టి గట్లపై నీరు సాఫీగా జారక సుడులు పుట్టును. ఇరుసు దూరు రంధ్రమా, వెంట్రుకవాసి తేడాను కూడ సహింపదు. లోహముద్రణను చూచి ఆశ్చర్యపడువారు దీని తరువాతి కోతపని ఘట్టమును ఉపేక్షించుట నాకు బాధ కలిగించును. రోబో హస్తము దూరము అందుకొనగలదు గాని, దాని కీళ్లన్నియు ఒత్తిడికి ఇంచుకించుక చలించును. కరిగిన లోహమును జార్చునపుడు ఎదురుతోపు లేదు గనుక ఆ లోపము బయటపడదు. గట్టి కంచును కోయునపుడు కత్తిని వెనుకకు నెట్టు బలమునకు అదే హస్తము వణకును. బరువైన దిమ్మెపై కదలక నిలుచు మిల్లింగు యంత్రమే అప్పుడు శరణ్యము. అందుచేతనే ముద్రించునపుడు ప్రతి ముఖమునను కొంత లోహము అదనముగా వేయుదురు. పిదప వస్తువును కొలిచి, కోరిన ఆకారము ఆ లోహము లోపల అన్ని వైపుల ఇముడునో లేదో సరిచూచుకొని, మిగిలినదానిని కోసివేయుదురు. ఈ ప్రొపెల్లరును ఇంగ్లండులోని బర్మింగుహాములో ఆటోడెస్కు వారి కర్మశాలకు కొనిపోయి, కంప్యూటరు నడుపు మిల్లింగు యంత్రముపై తీర్చిదిద్దిరి. పరిమాణము ముద్రణ ప్రసాదించినది. ప్రొపెల్లరు అనిపించుకొను యోగ్యత మాత్రము దానికి ఆ యంత్రముపైననే సిద్ధించినది.

1350 మిల్లీమీటర్ల వ్యాసమును, సుమారు 400 కిలోల బరువును గల ఆ ప్రొపెల్లరును డామెన్ వారి టగ్గునకు బిగించి, ఒడ్డునకు కట్టివేసినపుడు టగ్గు ఎంత బలముతో లాగునో, పూర్తి వేగమున ముందునకు పోవుచుండగా హఠాత్తుగా వెనుకకు త్రిప్పినచో ఆ రెక్కలు తట్టుకొనునో లేదో పరీక్షించిరి. అన్ని పరీక్షలయందును అది పోతపోసిన ప్రొపెల్లరువలెనే నడచినది. 2017 నవంబరులో బ్యూరో వెరిటాస్ ధ్రువీకరణము లభించుటతో, నౌకావర్గీకరణ సంస్థ ఆమోదము పొందిన మొదటి ముద్రిత ప్రొపెల్లరు అదియే అయ్యెను.