పద్నాలుగు కోర్ల సర్వర్ ప్రాసెసర్ మీ పిల్లలకు అవసరమా?



పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల తర్వాత మా కంప్యూటర్ విభాగానికి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇంటి కంప్యూటర్ గురించే. తార్నాక, హబ్సిగూడ, ఓయూ క్యాంపస్ చుట్టుపక్కల ఉండే కుటుంబాల నుంచి ఆ ప్రశ్న ఈ మధ్య కొత్త రూపంలో వస్తోంది. ఇంట్లో బాబాయో మేనమామో వాడి వదిలేసిన ఐ7 డెస్క్‌టాప్ ఉంటుంది. సెకండ్ హ్యాండ్ షాపులోనో ఆన్‌లైన్‌లోనో ‘సర్వర్ ప్రాసెసర్, 14 కోర్లు, 28 థ్రెడ్లు’ అని రాసిన అసెంబుల్డ్ సిస్టమ్ కనిపిస్తుంది. “పాతది పక్కన పెట్టి ఇది కొంటే బాబుకి ఇంటర్ దాకా చింత ఉండదు కదండీ?” అని అడుగుతారు. ఖర్చయ్యేది చిన్న మొత్తం కాదు కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

పోలికకు రెండు అసలు ప్రాసెసర్లను తీసుకుందాం. మొదటిది ఇంటెల్ కోర్ ఐ7-4790. 2014లో వచ్చిన డెస్క్‌టాప్ చిప్ ఇది. 4 కోర్లు, 8 థ్రెడ్లు. మామూలు వేగం 3.6 గిగాహెర్ట్జ్, అవసరమైతే 4.0 దాకా వెళ్తుంది. రెండోది ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4. 2016లో సర్వర్ల కోసం వచ్చింది. 14 కోర్లు, 28 థ్రెడ్లు, మామూలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, గరిష్ఠం 3.3. చిప్ లోపలే ఉండే క్యాష్ మెమరీ మొదటిదానిలో 8 ఎంబీ, రెండోదానిలో 35 ఎంబీ. కొత్తగా వచ్చినప్పుడు మొదటిది 300 డాలర్ల పైచిలుకు, రెండోది 1,700 డాలర్ల పైమాట. కాగితం మీద చూస్తే పోటీయే లేదనిపిస్తుంది.

ఇప్పుడు ఓయూ హాస్టల్ మెస్‌ను ఊహించుకోండి. పొద్దున్నే వందల మందికి దోసెలు వెయ్యాలి. అక్కడ 14 పెనాలుంటే నాలుగు పెనాలున్న చోటికన్నా పని త్వరగా తెమిలిపోతుంది, సందేహం లేదు. కానీ మీ ఇంట్లో అమ్మాయి ఒక్కతే స్కూలు బస్సుకు టైమవుతోందని నిలబడి ఉంది. ఆమెకు కావాల్సింది ఒక్క దోసె. పక్కన పదమూడు పెనాలు ఖాళీగా ఉన్నా ఆ దోసె త్వరగా కాలదు. దాని కింద మంట ఎంత ఉందన్నదే లెక్క.

కోర్ అంటే పెనం, గిగాహెర్ట్జ్ అంటే మంట. క్యాష్ అంటే పొయ్యి పక్కన పిండి గిన్నె పెట్టుకునే గట్టు. గట్టు పెద్దదైతే మాటిమాటికీ వంటగది చివర ఉన్న ఫ్రిజ్ దాకా వెళ్లనక్కర్లేదు. ఐ7లో నాలుగే పెనాలు, కానీ మంట పెద్దది. జియాన్‌లో పద్నాలుగు పెనాలు, ఒక్కోదాని కింద మంట కాస్త తక్కువ. ఒకే వేడి చట్రంలో అన్ని కోర్లను ఇరికించాలంటే అలా తగ్గించక తప్పదు. జియాన్ ఒక తరం కొత్తది కాబట్టి ప్రతి గిగాహెర్ట్జ్‌కూ కొంచెం ఎక్కువ పని చేస్తుంది. అయితే ఆ లాభం కొద్దిపాటిదే. 3.3కీ 4.0కీ మధ్య ఉన్న దూరాన్ని అది పూడ్చలేదు. ఒక్క కోర్‌తో జరిగే పనిలో 2014 నాటి ఐ7దే పైచేయి.

మరి మన పిల్లలు చేసేది ఏ రకం పని? ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్లు బ్రౌజర్‌లో పాఠాలు చూస్తారు, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ వాడతారు, స్క్రాచ్, పైథాన్ నేర్చుకుంటారు. మామూలుగా రాసిన పైథాన్ ప్రోగ్రామ్ ఒకసారికి ఒక్క కోర్ మీదే నడుస్తుంది. వెబ్‌పేజీ తెరుచుకోవడంలోనూ ప్రధాన భాగం ఒక కోర్ మీదే పడుతుంది. ఇక ఆటల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. వాటిలోనూ చాలావాటికి కోర్ల సంఖ్య కన్నా కోర్ వేగమే ముఖ్యం. (ఈ వాక్యం పిల్లలకు చదివి వినిపించాలా వద్దా అన్నది మీ ఇష్టం.)

కోర్లు పెంచితే వేగం ఎంతవరకు పెరుగుతుందో 1967లోనే జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీర్ తేల్చి చెప్పాడు. ఒక పనిలో సగం భాగం వరుసగా, ఒకదాని తర్వాత ఒకటిగా మాత్రమే జరగాల్సిందైతే, మిగతా సగానికి వెయ్యి కోర్లు పెట్టినా మొత్తం పని రెండింతల కన్నా వేగంగా పూర్తి కాదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇది లెక్కల పాఠంలా కూడా పనికొస్తుంది. పేపర్ మీద వేసి చూడమనండి.

అలాగని సర్వర్ ప్రాసెసర్‌ను తక్కువ చేయడం లేదు. దాని చోటు వేరు. తార్నాక మెట్రో స్టేషన్ నుంచి ఉప్పల్ రోడ్డు మీద వెళ్తే దారిలోనే సీసీఎంబీ ఉంది. అక్కడ జరిగే జీనోమ్ పరిశోధనలాంటి పనినే చూడండి. మనిషి జీనోమ్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. సీక్వెన్సింగ్ యంత్రం దాన్ని లెక్కలేనన్ని చిన్న ముక్కలుగా చదువుతుంది. ప్రతి ముక్కా జీనోమ్‌లో ఎక్కడిదో కంప్యూటర్ వెతికిపెట్టాలి. ఒక ముక్క కోసం ఇంకో ముక్క ఆగనక్కర్లేదు. కాబట్టి కోర్లు ఎన్ని ఉంటే అంత మేలు. యూనివర్సిటీ ఫలితాలు వచ్చిన రోజు కూడా అంతే. వేల మంది హాల్‌టికెట్ నంబర్లు ఒకేసారి కొడతారు, ఎవరి మార్కుల మెమో వారిదే. మెస్ ముందు క్యూ అన్నమాట.

సర్వర్ చిప్‌లో ఇంకో మంచి గుణం ఉంది. మెమరీలో పొరపాటున ఒక బిట్ తారుమారైతే దాన్ని పట్టుకుని సరిదిద్దే ఈసీసీ మెమరీతో పనిచేస్తుంది. నెలల తరబడి ఆపకుండా నడిచే యంత్రానికి అది ప్రాణం. రాత్రి తొమ్మిదింటికి మీరే ఆపించే కంప్యూటర్‌కు అంత అవసరం రాదు.

1,700 డాలర్ల చిప్ ఇంత చవగ్గా ఎందుకు దొరుకుతోంది? పెద్ద కంపెనీలు, డేటా సెంటర్లు కొన్నేళ్లకోసారి సర్వర్లను మార్చేస్తాయి. అలా తీసేసిన చిప్‌లు ఇలా బజారుకొస్తాయి. అందులో మోసమేమీ లేదు. ఖర్చు మాత్రం చిప్‌తో ఆగదు. ఐ7-4790లో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, మానిటర్‌ను నేరుగా కలపవచ్చు. ఈ జియాన్‌లో అది లేదు, గ్రాఫిక్స్ కార్డు విడిగా కొనాలి. వేడి లెక్క ఐ7కు 84 వాట్లు, జియాన్‌కు 120 వాట్లు. అంటే మంచి కూలర్ కావాలి, ఇంట్లో ఉన్న చిన్న యూపీఎస్ సరిపోతుందో లేదో కూడా చూసుకోవాలి. మదర్‌బోర్డు పేరున్న కంపెనీది కాకపోతే, పాడైన రోజున దానికి సరిపోయే ఇంకో బోర్డు వెతకడం మీ పనే అవుతుంది.

‘కొత్త సర్వర్ ప్రాసెసర్’ అన్న మాటలో కొత్త అంటే ఎప్పటిదో అడగండి. 2022 నవంబరులో వచ్చిన ఏఎండీ ఎపిక్ 9654లో 96 కోర్లున్నాయి. విడిగా ఒక్కో కోర్ చూసినా పై రెండింటికన్నా వేగమైనది. కానీ దాని వేడి లెక్కే 360 వాట్లు. అది ఇళ్ల కోసం చేసిన వస్తువు కాదు.

ఇక మా సలహా. ఇంట్లో ఐ7 ఉంటే దాన్నే ఉంచండి. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించండి, ర్యామ్ 8 జీబీ ఉంటే 16 చేయించండి. పిల్లలు ‘స్లో’ అని విసుక్కునేది చాలాసార్లు ప్రాసెసర్ వల్ల కాదు, పాత హార్డ్ డిస్క్ వల్ల. మీ పెద్దబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరి వర్చువల్ మెషీన్లు నడుపుతున్నా, బ్లెండర్‌లో యానిమేషన్ రెండర్ చేస్తున్నా మాట వేరు. అప్పుడు 14 కోర్లూ నిజంగానే పనిలోకి వస్తాయి, జియాన్ కొనడంలో అర్థముంది.

ఒక చిక్కు మాత్రం రెండింటికీ ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మద్దతిచ్చే జాబితాలో ఈ రెండు చిప్‌లూ లేవు. ఉబుంటులాంటి లైనక్స్ వేసుకుంటే రెండూ చక్కగా నడుస్తాయి, పైథాన్ నేర్చుకోవడానికి అది హాయి కూడా. విండోసే కావాలి, ఎలాగూ డబ్బు పెట్టాలి అనుకుంటే సర్వర్ సిస్టమ్ వైపు వెళ్లకండి. 2018లో వచ్చిన కోర్ ఐ5-8500లాంటి ఎనిమిదో తరం ఆఫీస్ డెస్క్‌టాప్ వాడినది చూడండి. 6 కోర్లు, గరిష్ఠం 4.1 గిగాహెర్ట్జ్, గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది, విండోస్ 11 జాబితాలోనూ ఉంది.

షాపుకు వెళ్లేటప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్లండి. కంప్యూటర్ ఆన్ చేయించి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ మీద నొక్కమనండి. ప్రాసెసర్ పూర్తి పేరు, బేస్ స్పీడ్, కోర్ల సంఖ్య అక్కడే కనిపిస్తాయి. ఆ పేరును ఒక కాగితం మీద రాసుకుని, ఇంటికొచ్చి ఇంటెల్ వెబ్‌సైట్‌లో ఏ సంవత్సరంలో వచ్చిందో చూశాకే డబ్బు కట్టండి.