చెవిలో రాయి, రాతిలో చెవి

ఏటూరునాగారం దాటి రామన్నగూడెం రేవుకు చేరేసరికి పొద్దు ఇంకా పైకెక్కలేదు. గోదావరి మీద మంచు పల్చగా పరుచుకుని ఉంది. అవతల వాజేడు వైపు అడవి నల్లటి గీతలా కనిపిస్తోంది. గట్టు మీద ఓ పెద్దమ్మ కత్తిపీట ముందేసుకుని, రాత్రి వలలో పడ్డ వాలుగను కోస్తోంది. తలను రెండు చీలికలు చేసి, మెదడు పక్కన వేలితో తడిమి, నూకగింజంత తెల్లటి రాయిని తీసి నా అరచేతిలో పెట్టింది.

"పులుసుల పంటి కింద పడ్తది బిడ్డా. అందుకే ముందుగాల్నే తీసేస్త" అన్నది.

ఎండకు పట్టి చూశాను. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు కాస్త గరుగ్గా ఉంది. అంచు దగ్గర వెలుతురు లోపలికి దిగుతోంది. అది చేప చెవిరాయి.

చేపకు చెవులేవీ అని పిల్లలు అడుగుతారు. ఉన్నాయి, బయటికి వాకిలే లేదు. నీటిలో శబ్దం ప్రయాణించినప్పుడు నీటితో పాటు చేప ఒళ్లూ కదులుతుంది. లోపలి రాయి బరువుగా ఉంటుంది కనుక ఒక్క పిసరు వెనకబడుతుంది. ఆ పిసరు తేడానే చేప వింటుంది. వాలుగ, రాగండి, బొచ్చె లాంటి చేపలకు ఇంకో వరం కూడా ఉంది. వాటి గాలితిత్తి నుంచి చెవి దాకా బుల్లి ఎముకల గొలుసు ఒకటి సాగుతుంది. 1820లో వెబర్ అనే జర్మన్ వైద్యుడు దాన్ని వర్ణించాడు. ఒడ్డున మన అడుగు చప్పుడు పడగానే చేప జారుకోవడం ఉత్త అదృష్టం కాదు.

ఆ రాయి మీద రోజుకో సన్నటి పొర పడుతుందని 1971లో పనెల్లా అనే శాస్త్రవేత్త చూపించాడు. కోసి, నునుపు చేసి సూక్ష్మదర్శిని కింద పెడితే టేకు మొద్దులో వలయాల్లా ఆ పొరలు కనిపిస్తాయి. తిండి దొరకని రోజుల్లో పొలుసులున్న చేప తన పొలుసుల్లోంచి కూడా సున్నం తోడుకుంటుంది. చెవిరాయిని మాత్రం ముట్టుకోదు. అక్కడ ఒకసారి పడ్డ పొర చచ్చేదాకా అలాగే ఉండిపోతుంది.

ఈ పట్టుదల మనిషి చెవిలోనూ ఉంది. మన లోపలి చెవి కణతి ఎముకలో, గుల్లలో నత్తలా దాక్కుని ఉంటుంది. ఆ భాగానికి వైద్యులు పెట్టిన పేరు పెట్రస్. రాయి అనే దాని అర్థం. శరీరంలో అంతకంటే గట్టి ఎముక లేదు. తల్లి కడుపులో అయిదారు నెలలకల్లా లోపలి చెవి పెద్దవాళ్ల చెవి అంత అయిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డ గుప్పిట్లో మన వేలు కూడా సరిగా పట్టదు, లోపలి చెవి మాత్రం అమ్మదంతే ఉంటుంది! ఈ ఒక్క సంగతి నన్ను ఎప్పటికీ వదలదు.

మిగతా ఎముకలన్నీ అలా కుదురుగా ఉండవు. కొన్ని కణాలు పాత ఎముకను తవ్విపోస్తుంటే, వాటి వెనకే ఇంకొన్ని కొత్త ఎముకను నింపుతుంటాయి. ఏటా ఒంటి ఎముకలో దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. ఈ తవ్వి పూడ్చే పని ఎంత జోరుగా సాగుతుందో చూడాలంటే 1953 నుంచి అభయారణ్యంగా ఉన్న ఈ ఏటూరునాగారం అడవిలోని చుక్కల దుప్పిని చూడాలి. మగ దుప్పి ఏటా కొమ్ములు రాల్చేసి మళ్లీ మొలిపించుకుంటుంది. ఆ కొమ్ము అచ్చమైన ఎముకే. లేత కొమ్ము మీద ముఖమల్ లాంటి చర్మం, దాని కింద వేడి నెత్తురు ఉంటాయి. కొన్ని జింక జాతులు కొమ్ము పోసుకునే నెలల్లో సొంత పక్కటెముకల్లోంచే సున్నం అప్పు తెచ్చుకుంటాయి. ఆ కొన్నాళ్లు వాటి పక్కటెముకలు ముసలివాళ్ల ఎముకల్లా గుల్లబారి, తర్వాత మళ్లీ నిండుతాయి.

అంత చురుకైన ఎముక ఒకవైపు ఉంటే, చెవి చుట్టూ ఉన్న ఎముక దాదాపు కదలనే కదలదు. లోపలి చెవి ఆస్టియోప్రోటెజెరిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుందని, తవ్వే కణాలను అది ఆపుతున్నట్టుందని 2005లో బోస్టన్ పరిశోధకులు చెప్పారు. ఎందుకీ కాపలా? నాకు తోచేది ఇది: శ్రుతి చేసి పెట్టిన వీణ కుండను ఎవరూ రోజూ చెక్కరు.

ఈ కాపలాకు ఒక వెల ఉంది. మన ఎముక కణాల్లో నూటికి తొంభైకి పైగా ఆస్టియోసైట్లే. గట్టిపడ్డ ఎముకలో ఒక్కో గూట్లో ఒక్కొక్కటి కూర్చుని, సన్నటి కాలువల గుండా చేతులు చాపి పక్కదాన్ని పట్టుకుని ఉంటాయి. ఒక మనిషిలో ఇవి సుమారు 4,200 కోట్లు ఉంటాయని 2015లో లెక్కగట్టారు. ఎక్కడ బరువు పడుతోంది, ఎక్కడ బీట వచ్చింది, ఎక్కడ తవ్వాలి అని కబురు పంపేవి ఇవే. వయసు మీదపడే కొద్దీ ఆ చేతులు రాలిపోతాయి, కబుర్లు తగ్గిపోతాయి. వేరే చోట్ల పాత ఎముకతో పాటు పాత కణాలూ పోయి కొత్తవి వస్తాయి. చెవి చుట్టూ ఆ అవకాశం లేదు. అక్కడ చనిపోయిన కణాల ఖాళీ గూళ్లు ఏళ్లు గడిచేకొద్దీ పోగుపడుతున్నాయని డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. కొందరిలో చెవి ఎముక తప్పుగా పెరిగి వినికిడి తగ్గే ఓటోస్క్లెరోసిస్‌కు ఇదొక కారణం కావచ్చని వాళ్ల ఆలోచన.

ఎముక ఎక్కడ కొత్తగా పడుతోందో కంటికి చూపించే రంగు ఒకటుంది. దాని కథలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఆయన అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలకు సారథిగా ఉన్న రోజుల్లోనే అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. ఆ మందు లోకానికి తెలిసిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ కుటుంబపు మందులు, అంటే టెట్రాసైక్లిన్లు, అప్పుడే పడుతున్న ఎముకలోకి చేరి అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరుస్తాయని 1957లో గమనించారు. ఒకసారి ఇచ్చి, కొన్ని రోజులాగి మళ్లీ ఇస్తే రెండు పసుపు గీతలు పడతాయి. వాటి మధ్య ఎడం ఎంతో, ఆ కొన్ని రోజుల్లో ఎముక అంత పెరిగిందన్నమాట. ఎముకలోకి దిగే ఇలాంటి రంగులతోనే జంతువుల చెవి చుట్టూ కొత్త ఎముక దాదాపు పడటం లేదని తేల్చారు.

చేప ముక్కలు కడిగి లేవబోతూ పెద్దమ్మ ఒక్క క్షణం గట్టు పట్టుకుని ఆగింది.

"పండుకొని పక్కకు మర్లితే ఇల్లంత గిర్రున తిరుగుతాంది బిడ్డా. జరసేపు కండ్లు మూసుకుంటె మల్ల తగ్గుతది. బలం లేదేమో అనుకుంట."

నా చేతిలో చేప చెవిరాయి ఇంకా ఉంది. దాన్ని ఆమెకు చూపించి, ఇలాంటివే నీ చెవిలోనూ ఉంటాయి పెద్దమ్మా, కంటికి కనపడనంత చిన్నవి అన్నాను. ఆమె నమ్మలేదు.

మాట మాత్రం నిజమే. మన లోపలి చెవిలో జిగురు పొర మీద సున్నపు స్ఫటికాలు వేల సంఖ్యలో పరుచుకుని ఉంటాయి. తల ఎటు వాలిందో మెదడుకు చెప్పేవి ఇవే. వయసుతో కొన్ని ఊడి, పక్కనున్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లో పడతాయి. పక్కకు తిరిగినప్పుడల్లా అవి దొర్లి, తిరగని ఇంటిని తిరుగుతున్నట్టు చూపిస్తాయి. దీన్ని కనిపెట్టడానికి యంత్రమే అక్కర్లేదు. డిక్స్, హాల్‌పైక్ 1952లో చెప్పిన పద్ధతిలో మనిషి తల ఒక పక్కకు తిప్పి, మంచం మీద చటుక్కున వెనక్కి పడుకోబెట్టి, కళ్లలోకి చూస్తారు. గొట్టంలో రాయి ఉంటే కనుగుడ్లు ఒక తీరున కొట్టుకుంటాయి. వైద్యం కూడా అలాంటిదే. ఎప్లీ పద్ధతిలో తలను నాలుగు మలుపులు తిప్పి రాళ్లను వాటి చోటికి దొర్లిస్తారు. చాలామందికి ఒకటి రెండుసార్లకే నయమవుతుంది.

ముసలి ఎముకకూ ఈ తలతిరుగుడుకూ చుట్టరికం ఉంది. ఎముకలు గుల్లబారిన స్త్రీలలో ఇది ఎక్కువని అనేక పరిశోధనలు చెప్పాయి. 2020లో దక్షిణ కొరియాలో దాదాపు వెయ్యిమంది మీద చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. విటమిన్ డి తక్కువున్నవాళ్లకు దాన్ని కాల్షియంతో కలిపి ఇస్తే, తలతిరుగుడు మళ్లీ రావడం సుమారు నాలుగో వంతు తగ్గింది. ఇదంతా విని పెద్దమ్మ ఏటూరునాగారం దవాఖానకు పోతానన్నది. పడి తుంటి ఎముక విరగకముందే పోవాలని గట్టిగా చెప్పాను.

చెవిలో ఇంకో వింత వినికిడి కణాలది. ఒక్కో చెవిలో సుమారు 15 వేలు ఉంటాయి. పోయినవి మనిషికి తిరిగి రావు. పక్షికి వస్తాయి. 1988లో రెండు బృందాలు ఆ సంగతి విడివిడిగా బయటపెట్టాయి. ఈ అడవిలో కూసే ఏ పిట్టా ముసలితనంలో మనలా చెవిటిదవదేమో అనిపిస్తుంది. మన చెవిలోని ఆ కణాలు వినడమే కాదు, ఆడతాయి కూడా. ఆ ఆటకు చెవి లోపలి నుంచి సన్నటి శబ్దం బయటికి వస్తుందని 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ కనిపెట్టాడు. ఇవాళ పసిపిల్లల వినికిడి పరీక్షకు అదే ఆధారం. చెవిలో మెత్తటి మొన పెట్టి చిటుకు శబ్దం పంపుతారు, చెవి తిరిగి పలికితే అది నమోదవుతుంది. పలకకపోతే, శబ్దానికి మెదడు స్పందిస్తోందో లేదో చూసే బెరా పరీక్ష చేస్తారు. మొదటి పరీక్ష బిడ్డ నిద్రపోతుండగా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

ప్రతి వెయ్యిమంది పసికందుల్లో కనీసం ఒకరిద్దరు వినికిడి లోపంతో పుడతారు. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వైద్యం మొదలైతే ఆ బిడ్డకు మాట వచ్చే దారి తెరుచుకుంటుంది. గూడెంలో కాన్పయినా, పట్నంలో కాన్పయినా, బిడ్డను ఎత్తుకుని ఇంటికి బయల్దేరే ముందు నర్సమ్మనో ఆశా కార్యకర్తనో ఒక్క మాట అడగండి: మా బిడ్డ చెవి పరీక్ష అయిందా అని.