మౌఖిక కథనాల దత్తాంశనిధి: దివిసీమను ఏ గడిలో ఉంచాలి?

మౌఖిక కథనాలను కంప్యూటరులో భద్రపరిచేటప్పుడు ‘గ్రామం, మండలం, జిల్లా’ అనే గడులను పక్కపక్కన పెట్టడం పరిశోధకులకు అలవాటు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి నాగాయలంకలో సేకరించిన కథనాన్ని పరిశీలిద్దాం. మండలాలు ఏర్పడింది 1985లో. కనుక ఆ సంఘటనను ‘నాగాయలంక మండలం’ కింద చేర్చడం కాలదోషమే. గ్రామాన్ని ఒక పట్టికలో, పాలనావిభాగాన్ని మరొక పట్టికలో ఉంచి, రెంటినీ కలిపే మూడో పట్టికలో ‘ఎప్పటినుంచి, ఎప్పటివరకు’ అని నమోదు చేయాలి. 2022 పునర్విభజనలో గుడివాడ కృష్ణా జిల్లాలోనే నిలిచి, కైకలూరు ఏలూరు జిల్లాలో చేరడం కూడా ఇందులో ఇమిడిపోతుంది. మచిలీపట్నం, బందరు ఏకకాలంలో వాడుకలో ఉన్నవే గనుక పేర్లకు వేరే పట్టిక అవసరం; లడ్డు నేటికీ బందరుదే.

అసలు చిక్కు దివిసీమతోనే. అది కృష్ణానది పాయల నడుమ ఉన్న సీమ, నేటి పాలనావిభాగం కాదు. వక్త ఊరు చెప్పక ‘సీమలో’ అంటే గ్రామం గడి ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీకి అర్థం ‘తెలియదు’ అనా, ‘వర్తించదు’ అనా? సంబంధాత్మక నమూనాను 1970లో ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్, 1990 నాటి గ్రంథంలో ఈ రెంటికీ వేర్వేరు గుర్తులు సూచించాడు. వాడుకలోని సాఫ్ట్‌వేర్లు ఒక్క ‘నల్’తోనే సరిపెట్టాయి. అందుచేత ఖాళీకి కారణం తెలిపే గడిని మనమే చేర్చి, వక్త మాటను యథాతథంగా నిలపాలి. ఊహతో ‘అవనిగడ్డ’ అని నింపితే, గ్రామాలవారీ విశ్లేషణలో సీమ కథనం అవనిగడ్డ కథనమైపోతుంది.