డెంగీయా, చికున్‌గున్యానా? జ్వర లక్షణాలను గుర్తించడం ఎలా?

ఈశాన్య ఋతుపవనాలతో వానలు పడే ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో దోమల ద్వారా సంక్రమించే జ్వరాల పట్ల ప్రత్యేక జాగ్రత్త అవసరం. వీటిలో డెంగీ, చికున్‌గున్యా ముఖ్యమైనవి. రెండింటినీ వ్యాపింపజేసేది కాళ్ళపై తెల్లని చారలుండి, పగటివేళ కుట్టే ఈడిస్ దోమయే. రెండూ హఠాత్తుగా వచ్చే తీవ్ర జ్వరంతోనే ఆరంభమవుతాయి. తలనొప్పి, ఒళ్ళునొప్పులు, చర్మంపై ఎర్రని దద్దుర్లు రెండింటిలోనూ కనిపిస్తాయి.

అయినా కొన్ని భేదాలున్నాయి. డెంగీలో కనుగుడ్ల వెనుక నొప్పి, నడుము నొప్పి, కండరాల నొప్పి అధికం. రక్తంలో ప్లేట్‌లెట్ కణాలు తగ్గుతాయి. చిగుళ్ళ నుండి, ముక్కు నుండి రక్తం కారవచ్చు. చికున్‌గున్యాలో ప్రధాన బాధ కీళ్ళది. చేతివేళ్ళు, మణికట్లు, చీలమండలు సాధారణంగా రెండు వైపులా వాచి నొప్పిపెడతాయి. జ్వరం తగ్గిన తరువాత కూడా ఆ నొప్పి వారాలు, కొందరిలో నెలల తరబడి నిలుస్తుంది. 1952లో టాంజానియా ప్రాంతంలో ఈ వ్యాధిని గుర్తించినప్పుడు, రోగి నొప్పితో వంగిపోవడాన్ని బట్టి అక్కడి మకొండే భాషలో ఈ పేరు వచ్చింది. తెలుగువారికి ఇది కొత్త వ్యాధి కాదు. 1965లో కాకినాడ, రాజమండ్రి, విశాఖపట్నాలలోనూ, మళ్ళీ 2005-06లో రాయలసీమలోనూ ప్రబలింది.

జికా మూడవది. స్వల్ప జ్వరం, దద్దుర్లు, పుసి లేకుండా కళ్ళు ఎర్రబారడం దీని లక్షణాలు. 2017లో తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఒకరికి ఇది సోకినట్లు నిర్ధారణ అయింది. గర్భిణులకు సోకితే శిశువు మెదడు ఎదుగుదలకు హాని కలగవచ్చు గనుక వారు వెంటనే వైద్యుని సంప్రదించాలి.

ఈ భేదాలు తెలిసినా, తొలి రెండు మూడు రోజుల్లో లక్షణాలను మాత్రమే చూసి ఇది ఫలానా జ్వరమని నిశ్చయించడం వైద్యులకైనా కష్టమే. ఒక్కొక్కప్పుడు రెండూ ఒకే రోగికి సోకవచ్చు. కనుక డెంగీ కాదని పరీక్షలో తేలే వరకు దానిని డెంగీగానే భావించి జాగ్రత్తపడాలి. కీళ్ళనొప్పి భరించలేక మందుల దుకాణంలో ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొని వాడితే, అది డెంగీ అయిన పక్షంలో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. జ్వరానికి వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వాడుతూ, గంజి, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తరచుగా తాగాలి. నేలవేము కషాయం తాగుతున్నా రక్తపరీక్ష మానరాదు. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తరువాత ఐజీఎమ్ పరీక్ష డెంగీ నిర్ధారణకు తోడ్పడతాయి.

డెంగీలో జ్వరం దిగిన రోజే గండం దాటిందనుకోరాదు. సాధారణంగా మూడవ రోజు నుండి ఏడవ రోజు లోపల, జ్వరం తగ్గుతున్న సమయంలోనే ప్రమాదం అధికం. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, నల్లని మలం, చేతులు కాళ్ళు చల్లబడడం, మూత్రం తగ్గడం, మగత లేదా అశాంతి, ఆయాసం – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయక ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాలి. అంబులెన్సుకు 108, ఆరోగ్య సలహాకు 104 సంఖ్యలకు ఫోన్ చేయవచ్చు.

ఆసుపత్రిలో 'ఎత్తనై నాళా కాయ్‌చ్చల్?' అని అడిగితే, జ్వరం వచ్చి ఎన్ని రోజులైందని అర్థం. 'మూట్టు వలి' అంటే కీళ్ళనొప్పి, 'వయిట్రు వలి' అంటే కడుపునొప్పి. జ్వరం మొదలైన తేదీని, వాడిన మాత్రల పేర్లను కాగితంపై రాసుకొని వెళితే వైద్యునికి సహాయమవుతుంది.

కుళాయి నీరు రోజూ రాని వీధుల్లో డ్రమ్ములు, తొట్లు నింపి ఉంచుకోక తప్పదు. ఈడిస్ దోమ కోరేది ఇటువంటి మంచినీటి నిల్వనే. దాని గుడ్లు పాత్ర గోడలకు అంటుకొని, నీరు లేకపోయినా నెలల తరబడి జీవించగలవు. గుడ్డు దోమగా మారేందుకు వారం పది రోజులు పడుతుంది. కాబట్టి వారానికొకసారి నీరు పూర్తిగా ఒంపి, లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడిగి, తిరిగి నింపి, గట్టిగా మూత పెట్టాలి.