గల్ఫ్ ఇంటర్వ్యూలో ‘మీ ఇష్టం సార్’ అంటే నష్టపోయేది మనమే

దుబాయ్ నుంచి వీడియో కాల్. మేనేజర్ అడుగుతాడు, జీతం ఎంత కావాలని. మన పిల్లలు చాలామంది చెప్పే జవాబు ఒకటే: ‘మీ ఇష్టం సార్, మీరెంత ఇస్తే అంత’. పెద్దల ముందు డబ్బు మాట ఎత్తకూడదని ఇంట్లో నేర్పిన తమీజ్ అది. అవతలివాడికి మాత్రం ఇతనికి మార్కెట్ రేటు తెలియదు, తక్కువకైనా వచ్చేస్తాడు అని వినిపిస్తుంది.

జీతం అడగడం బద్‌తమీజీ కాదు. మొత్తం ఎంతో తెలుసుకుని ఊరుకోకుండా, అందులో బేసిక్ ఎంతో కూడా అడగండి. యూఏఈలో గ్రాట్యుటీ లెక్క బేసిక్ మీదే. ఏడాది పూర్తయినవారికి మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ ఇస్తారు. బీకాం చదివినందుకు ఆ లెక్క నేనే వేసి చెబుతా. ఇద్దరికీ నెలకు 3,000 దిర్హమ్‌లే అనుకోండి. ఒకరి బేసిక్ 1,200, ఇంకొకరిది 2,000. ఐదేళ్లు చేసి దిగితే మొదటివారికి 4,200, రెండోవారికి 7,000 వస్తాయి. పని అదే, జీతం అదే, తేడా 2,800 దిర్హమ్‌లు!

పాస్‌పోర్ట్ మా దగ్గరే ఉంచుకుంటాం అంటే మొహమాటపడి తలూపకండి. 2021 నాటి యూఏఈ కార్మిక చట్టం ప్రకారం కార్మికుడి పత్రాలు యజమాని అట్టిపెట్టుకోకూడదు. నియామకం ఖర్చులు కూడా కార్మికుడి నుంచి వసూలు చేయకూడదు.

ఎప్పుడు చేరతారు అని అడిగితే ‘ఇన్‌షా అల్లాహ్’ అనండి, తప్పేం లేదు. గల్ఫ్‌లో అది రోజూ వినే మాటే. కానీ దాని వెనకే తేదీ కూడా చెప్పాలి. ఒట్టి ఇన్‌షా అల్లాహ్‌తో ఆగితే, చూద్దాంలే అన్నట్టు ఉంటుంది.

జర్మనీ సంగతి వేరు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నర్సులుగా అక్కడికి వెళ్లే అమ్మాయిలు ఇది గమనించాలి. మీకు రానిది ఏమిటి అని అక్కడ సూటిగా అడుగుతారు. ‘అన్నీ వచ్చు మేడమ్’ అంటే నమ్మరు. రానిది ఒప్పుకుని, ఎలా నేర్చుకుంటున్నారో చెబితే నమ్ముతారు. మగవారితో చేయి కలపడం ఇష్టం లేకపోతే, చేయి గుండె మీద పెట్టుకుని నవ్వుతూ ఒక మాటలో చెప్పేయండి. చేయి వెనక్కి లాక్కుంటే మాత్రం అవమానించారనుకుంటారు.

ఇంకోటి. వీడియో ఇంటర్వ్యూ జరుగుతుంటే అబ్బా, అమ్మీ, మామూ అందరూ అదే గదిలో కూర్చుని జవాబులు అందిస్తుంటారు. ప్రేమే అది, కాదనను. కానీ అవతలివాళ్లకు గుసగుస వినిపిస్తుంది, కళ్లు పక్కకు తిరగడం కనిపిస్తుంది. వాళ్లను కాసేపు వేరే గదిలో ఉండమనండి. ఆఫర్ లెటర్ వచ్చాక సంతకం చేసే ముందు మాత్రం అబ్బాకే చూపించండి, బేసిక్ ఎంత రాశారో ఆయన్నే వెతకమనండి.