మీట నొక్కినను మేల్కొనని కంప్యూటరు

ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెంతనున్న అడిక్‌మెట్ అద్దెగదులలో, పరీక్షల వేళ కంప్యూటరు మొరాయించినచో విద్యార్థులు ముందుగా విండోస్‌ను నిందింతురు. కాని మీట నొక్కిన క్షణమున విండోస్ ఇంకను రంగప్రవేశమే చేసియుండదు. మదర్‌బోర్డుమీది చిప్పులో నిక్షిప్తమైన బయాస్, ప్రాసెసరును, ర్యామును పరీక్షించి, అవి సవ్యముగా నున్నవని తేలిన పిమ్మటనే డిస్కును వెదకును. కావున తెర నల్లగా నుండి బీప్‌లు మాత్రమే వినవచ్చినచో, దోషము తరచు ర్యామునందే యుండును: కరెంటు ప్లగ్గు తీసి, ర్యాము పట్టీని ఊడదీసి, దాని పసిడివన్నె అంచును పెన్సిలు రబ్బరుతో మృదువుగా రుద్ది, క్లిప్పులు టక్కుమని బిగియువరకు నొక్కినచో పెక్కు యంత్రములు చక్కబడుట కద్దు. కంప్యూటరు గడియారము మాటిమాటికి వెనుకబడినచో మదర్‌బోర్డుమీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీని మార్చిన చాలును.

విండోస్ మొదలై ఆగిపోయినచో, దానిని కనీస అంగములతో మాత్రమే తెరచు సేఫ్ మోడ్ శరణ్యము. 2024 జులై 19న సైబర్ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రయిక్ వారి దోషయుక్తమైన అప్‌డేట్ మూలమున ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నీలితెరతో నిలిచిపోయి, శంషాబాదు విమానాశ్రయమున బోర్డింగ్ పాసులు చేతివ్రాతతో ఇయ్యవలసివచ్చినప్పుడు సైతము, సేఫ్ మోడ్‌లో ప్రవేశించి ఆ అప్‌డేట్‌తో వచ్చిన దోషపు ఫైలును తొలగించుటయే ప్రధాన చికిత్స యయ్యెను.

ఇవేవియు ఫలింపక, డిస్కును తుడిచివేయుటకై ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్’ అను మెకానిక్కునకు తలయూపుటకు ముందు, డిస్కును వేరొక యంత్రమునకు తగిలించి అందలి థీసిస్సు వంటి ఫైళ్లను నకలు తీయించుకొనవలెను.