రాత్రివేళ బతుకమ్మ చిత్రము

సద్దుల బతుకమ్మ యేటికొక్కమారే వచ్చును. దూరదేశమందున్న కుమార్తె చూచి సంతసించునని దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు గృహిణి సరూర్‌నగరు చెరువుకడ నాటను యాక్షన్ కెమెరాతో చిత్రించినదనుకొందము. ఇంటికి వచ్చి చూడగా నమ్మమ్మ మొగము మసకయై, చుక్కలమయమై యుండును. ఆ యాటను మరల నాడింపగలమా?

ఈ కెమెరాలో వెలుతురును గ్రహించు ఫలకము మిక్కిలి చిన్నది. పగటియెండ దానికి చాలును, రాత్రి చాలదు. అప్పుడది తనంతట ఐ.ఎస్.ఓ.ను హెచ్చించుకొనును. చుక్కలకు కారణమిదియే. కావున దానిని 1600 మించనీయకుండుట మేలు.

సెకనుకు 50 చిత్రములకు మారుగా 25 తీసినచో నొక్కొక్కదానికి వెలుతురు రెట్టింపు కాలము సోకును. మన విద్యుత్తు 50 హెర్ట్జులది. పెక్కు దీపములు సెకనుకు నూరుమారులు మినుకుమనును. షట్టరును సెకనులో 50వ వంతున నిలిపినచో తెరపై చారలు పడవు.

నడచుచు తీయరాదు. కుదుపును సరిదిద్దు సాధనమున్నను, చీకటిలో నలికికొనిపోయిన రూపమును తిరిగి తేజాలదు. కెమెరాను గోడపైనో గట్టుపైనో కదలకుండ నుంచవలయును. దీపము కెమెరా వెనుకనుండి మొగములపై పడవలయును. పసుపుచేయి తగిలిన కటకమును మెత్తని గుడ్డతో తుడువుడు.

ముందటిరాత్రి మీ వాకిటనే యొక నిమిషము తీసి పరీక్షించుకొనుడు. పండుగనాడు కెమెరాకడ నొక పిల్లవానిని కావలియుంచి, మీరును వలయమున చేరుడు. కుమార్తె చూడగోరునది యమ్మమ్మను మాత్రమే కాదు, తల్లిని గూడ.